చెంప మీద అరచెయ్యి

కార్డు పొద్దున పదకొండింటికి వచ్చింది. పైన ‘అశుభం’ అని రాసి ఉంది. అట్లాంటి కార్డును గడప బయటే చదివి చింపెయ్యాలని పక్కింటావిడ ప్రహరీ మీదుగా చెప్పింది. మేం చర్చికి పోయేవాళ్లం, మాకా పట్టింపు లేదు. అయినా ఆవిడ మాట తీసెయ్యలేక బయటే నిలబడి చదివాను. చింపడం మాత్రం నాచేత కాలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుని లోపలికొచ్చి, పొయ్యి మీది అన్నం సంగతి మరిచి ఇల్లంతా రెండుసార్లు ఊడ్చాను. అన్నం మాడింది. మధ్యాహ్నం దాకా ఒక్కచోట కూర్చోలేకపోయాను.

నవ్వొస్తుంది. కూర్చోవడం రాని మనిషి పోయాడని తెలిసి నేను కూర్చోలేకపోవడం.

ఆయన పేరు రాయను. రాస్తే తెలిసినవాళ్లు దేవుణ్ణి చేసి మాట్లాడతారు, ఆయనకది గిట్టేది కాదు. దేవుడైతే తప్పు చెయ్యకూడదు కదమ్మా, నాకంత ఓపిక లేదు అనేవాడు.

ఇల్లందు దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద మా చర్చివాళ్ల మిషను దవాఖాన. రెండు వార్డులు, ఒక ఆపరేషన్ థియేటర్, దగ్గుతూ నడిచే జనరేటర్. నేను అందులో థియేటర్ నర్సును. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డెబ్బయిలు సగం గడిచాక ఈయన మా దవాఖానకు డాక్టరుగా కృష్ణా జిల్లా వైపు నుంచి ఒక పెట్టె, ఒక గొడుగు పట్టుకుని దిగాడు. రెండేళ్లు ఉండి పోతానన్నాడు, ఇరవై ఏళ్లకు దగ్గరదాకా ఉన్నాడు. ఓపీ గదిలో ఆయన కుర్చీ తువ్వాళ్లు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. భోజనం కంచం చేతిలో పట్టుకుని వరండాలో తిరుగుతూనే. జబ్బు చెప్పుకోవాలంటే ఆయన వెంట నడవాలి. కాలు విరిగినవాళ్ల పక్కన మాత్రం నిలబడేవాడు, అదీ ఒంటికాలి మీద కొంగలా మారుతూ మారుతూ. మా కాంపౌండరు అనేవాడు, సారు కాళ్లకు చక్రాలున్నయి, రాత్రి పండేటప్పుడు ఇప్పి మంచం కింద పెడతడు అని.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా, బస్సు కోసం నిలబడినా, కుడి అరచెయ్యి ఎత్తి కుడి చెంప మీద పెట్టుకునేవాడు. మణికట్టు చెవి తమ్మె కింద, అయిదు వేళ్లూ విప్పి ముఖం మీద. ఊళ్లోవాళ్లంతా ఆయనకు తీరని పంటినొప్పి ఉందనుకున్నారు. బస్టాండులో టీ కాచే ముసలాయన ఒకరోజు చిన్న సీసాలో లవంగనూనె తెచ్చి, ఇంతమందికి నయం చేసేటోనికి నీ పన్ను నువ్వు పీక్కోరాదా సారూ అని అడిగాడు. ఈయన సీసా తీసుకుని దండం పెట్టాడు. ‘పంటినొప్పి డాక్టరు’ అనే పేరు అట్లా స్థిరపడిపోయింది.

ఆ చెయ్యి సంగతి నాకు మొదటి నెలలోనే చెప్పాడు. చెవి ముందు, దవడ మీద ఉమ్మి ఊరే గ్రంథి ఒకటి ఉంటుంది. దానికి గడ్డ లేస్తే కోసి తియ్యాలి. చిక్కేమిటంటే, ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది. చెవి కింద, మణికట్టు ఆనే చోట ఒకటే మొదలు. అక్కణ్నుంచి అయిదు వేళ్లలా అయిదు కొమ్మలు: నుదుటికొకటి, కంటికొకటి, బుగ్గకూ పై పెదవికీ కలిపి ఒకటి, కింది పెదవికొకటి, మెడకొకటి. కత్తి జారితే సగం ముఖం నిద్రపోతుంది. కన్ను మూతపడదు, తాగిన నీళ్లు మూతి వారగా కారతాయి. గడ్డ పోయినా మనిషి అద్దం చూసుకోడు.

“నరం ఎక్కడికీ పోదమ్మా. దాని ఇంట్లో అది ఉంటుంది. దారి తప్పేది మనమే,” అనేవాడు.

ఆ ఇంటికి రెండు దారులు. మొదలు దారిలో పోతే చెవి ముందరి మెత్తటి ఎముక చివర ఒక మొన ఉంటుంది, అది చూపించే వైపు అర వేలు లోతుకు దిగితే నరం మొదలు దొరుకుతుంది. అక్కణ్నుంచి కొమ్మల వెంట ముందుకు పోవచ్చు. గడ్డ పెద్దదై ఆ మొదలు మీదే తిష్ఠ వేసిందనుకోండి, ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు ముఖం వైపు ఏదో ఒక కొమ్మను పట్టుకుని వెనక్కి, మొదలు దాకా నడవాలి. ఇది కొమ్మ దారి. కొమ్మ సన్నం, దారప్పోగంత. దొరకబుచ్చుకునే తొందరలో దాన్నే నలిపేసే ప్రమాదం ఉంది. పెద్ద ఊళ్లలో ఒక్కొక్క డాక్టరు ఒక్కొక్క దారికి కట్టుబడి వాదించుకుంటారట. ఈయన రెండు దారులూ నడిచేవాడు. గడ్డ ఏ దారి ఇస్తే అది అనేవాడు.

థియేటర్లోకి వస్తే ఆ కాళ్లు ఎక్కడికి పోయేవో తెలియదు. మూడు గంటలైనా పాదం కదిలేది కాదు. నా పని రోగి తల పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని ముఖం చూడటం. అట్లాంటి ఆపరేషన్లకు సగం ముఖం మీద గుడ్డ కప్పనిచ్చేవాడు కాదు. తెల్లటి పోగు కనబడితే పట్టుకారుతో దోమ కుట్టినంత నొక్కి, “కన్ను?” అనేవాడు. రెప్ప అదిరితే కదిలింది సార్ అనాలి. “పెదవి?” అంటే పెదవి. నరాన్ని కనిపెట్టే కరెంటు మిషన్లు పట్నంలో ఉండేవేమో, మా దగ్గర నా కళ్లే మిషను.

ఆపరేషనుకు ముందురోజు ఇంకో తతంగం. రోగి చేత అయిదు పనులు చేయించి కేసుషీటులో రాయాలి. కనుబొమలెత్తు, కళ్లు గట్టిగా మూయి, బుగ్గలు ఊదు, పళ్లు కనపడేట్టు నవ్వు, కింది పెదవి కిందికి గుంజు. ఏన్కూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, డాక్టరు తనకు ఎదురుగా నిలబడి బుగ్గలు ఊది చూపిస్తుంటే, నన్ను ఎక్కిరిస్తున్నవా అని కండువా దులుపుకుని లేచిపోయాడు. మగవాళ్ల వార్డులో ఆ తతంగం డాక్టరే చేసేవాడు. ఆడవాళ్ల వార్డులో నేను చేసి రాసేదాన్ని. ప్రతిసారీ వార్డు గుమ్మం దగ్గర ఆగి ఒకటే మాట చెప్పేవాడు: “చూసి రాయమ్మా.” ఏళ్ల తరబడి విని విని నాకది గుడిగంటలాగా అయిపోయింది. వినపడేది, పట్టేది కాదు.

ఇక రాయాల్సింది రాయాలి.

ఎనభైల మొదట్లో, వానలు ముదిరిన రోజులు. చలిజ్వరాలతో ఆడవాళ్ల వార్డులో కింద కూడా చాపలు పరిచాం. టేకులపల్లి అవతలి ఊరి నుంచి ఒక వ్యవసాయం ఇంటి కోడలు వచ్చింది. ముప్ఫై లోపు మనిషి. ఎడమ చెవి కింద గజనిమ్మకాయంత గడ్డ, ఏళ్ల నాటిది. వచ్చినప్పటి నుంచి కొంగు కొస నోట్లో పెట్టుకునే ఉంది. నేను కేసుషీటు పట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. కనుబొమలెత్తింది. కళ్లు మూసింది. కొంగు చాటునే బుగ్గలు ఊదింది. పళ్లు చూపించక్కా అంటే తల అడ్డంగా ఊపింది. పక్కన కూర్చున్న అత్తగారు గర్వంగా చెప్పింది, మా కోడలు పదిమందిల నోరు తెరవది సిస్టరమ్మా, మర్యాదగల్లది అని. అవతల ఎవరో వాంతి చేసుకుంటున్నారు. ఇంకెవరో నీళ్లకు పిలుస్తున్నారు. సిగ్గున్న మనిషిని ఎందుకు సతాయించాలి అనుకున్నాను. అయిదింటిలో మూడు చూసి, అయిదూ బాగున్నాయని రాసి సంతకం పెట్టాను.

గడ్డ తెరిచి చూస్తే మొదలు దారి లేదు. అక్కడే తిష్ఠ వేసింది. డాక్టరు కాసేపు ఆగి, దవడ అంచు దగ్గరికి వచ్చి కింది పెదవి కొమ్మను వెతికాడు. దొరికింది. నొక్కాడు.

“పెదవి?”

“కదల్లేదు సార్.”

“సరిగ్గా చూడు.”

“చూస్తున్న సార్. గడ్డం కాడ తోలు కొంచెం అదిరింది. పెదవైతే కదల్లే.”

ఆయన చేతులు ఆగిపోయాయి. తర్వాత ఆ పోగు వెంటే అంగుళం అంగుళం మొదలు దాకా నడిచాడు. కన్ను అంటే కన్ను అదిరింది, బుగ్గ అంటే బుగ్గ అదిరింది. గడ్డ పగలకుండా గుండ్రంగా వచ్చింది. అంత పెద్ద గడ్డ అట్లా వస్తే మామూలుగా పళ్లెంలో పెట్టి అందరికీ చూపించేవాడు. ఆరోజు చూపించలేదు.

మూడోరోజు డ్రెస్సింగు మారుస్తుంటే పట్టీ పుండుకు అంటుకుంది. నేను లాగగానే ఆమె ఏడ్చింది. కింది పెదవి కుడి పక్క కిందికి దిగింది, ఎడమ పక్క ఉన్నచోటే ఉంది. మూతి వంకరపోయింది. డాక్టరు మంచం చివర నిలబడి చూస్తున్నాడు. ఏడుపు ఆగగానే పెదవులు మామూలుగా అయ్యాయి, ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది.

నన్ను వరండాలోకి పిలిచాడు. చెయ్యి చెంప మీదికి వెళ్లింది.

“ముందు బాగానే ఉంది కదమ్మా? నువ్వు చూశావు కదా?”

నేను ఆ క్షణంలో ఏం చెప్పి ఉండాల్సిందో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పళ్లు చూపించలే సార్, నేను అడిగి వదిలేసిన. ఇంతే. నాలుగు ముక్కలు. కానీ రాసింది నా చేతి రాత, కింద నా సంతకం. నా ఉద్యోగం, మా నాన్న ముఖం, తోటి నర్సుల నవ్వులు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

“చూసిన సార్. బాగనే ఉండె,” అన్నాను.

ఆయన తల ఊపి, వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడవడం మొదలుపెట్టాడు. నేను కేసుషీటు అల్మారాలో పెట్టేసి వార్డులోకి వెళ్లిపోయాను.

నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. అందుకని ఆయన రెండు నెలలకోసారి టేకులపల్లి సంతకు పోవడం మొదలుపెట్టాడు. ఆమె అక్కడ ఎండుమిరపకాయలు అమ్మేది. ఒకసారి దవాఖాన జీపు, ఒకసారి బస్సు, ఒకసారి ఎవరిదో మోటారుసైకిలు వెనక. మిరపకాయల రాశి ముందు నిలబడి ఆమె నవ్వుతుందేమోనని చూసేవాడు. నీ నరం నేను చెడగొట్టానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఎట్లుందమ్మా అనేవాడు. మంచిగనే ఉంది సారూ అని ఆమె కొంగులోంచే చెప్పేది.

నవ్వించాలి కదా మరి. జోకులు చెప్పడం చేతకాని మనిషి. కాంపౌండరు దగ్గర, జీపు డ్రైవరు దగ్గర జోకులు అడిగి చీటీ మీద రాసుకుని పోయేవాడు. చివరి మాట ముందే చెప్పేసి, కాదు కాదు, మళ్లీ చెప్తానుండమ్మా అనేవాడట. చుట్టుపక్కల అంగళ్లవాళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు, ఆమె తప్ప. ఒక నాడు ఆమె మొగుడు తక్కెడ పక్కన పెట్టి, సారూ, మీరు పెద్దోళ్లు, ఒకటడుగుత, నా పెండ్లాం నవ్వుతోటి మీకేం పని అని అడిగాడు. డాక్టరు ఏం చెప్పాడో డ్రైవరుకు వినపడలేదు. రెండు కిలోల మిరపకాయలు కొనుక్కుని వచ్చాడు. మా దవాఖాన వంటింట్లో ఆ ఏడాదంతా టేకులపల్లి మిరపకాయలే.

సంత నుంచి వచ్చిన ప్రతిసారీ థియేటర్ గుమ్మంలో నిలబడి నాకు లెక్క అప్పజెప్పినట్టు చెప్పేవాడు, “నవ్వలేదమ్మా.” నేను సిరంజీలు కడుగుతూనే ఊ కొట్టేదాన్ని. ప్రతిసారీ ఇటు తిరిగి చెప్పేద్దామనుకునేదాన్ని. ప్రతిసారీ, రేపు చెబుదాం అనుకునేదాన్ని. అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ నా అబద్ధం ఆయన కాళ్లతో నడుస్తూ పోయింది.

రెండేళ్లకు ఆ తిరుగుడు మానేశాడు. అప్పట్నుంచి ఇంకోటి కూడా మానేశాడు. కొమ్మ దారిలో మళ్లీ పోలేదు. చిన్న గడ్డలు, మొదలు దొరికేవి తీసేవాడు. మొదలు కప్పేసిన గడ్డ అయితే కాగితం రాసి పట్నం పొమ్మనేవాడు. వార్డు రౌండుకు వచ్చిన కుర్ర డాక్టరు ఒకరు, కొమ్మ పట్టుకుని రావచ్చు కదా సార్ అంటే, “ఆ దారి నాది కాదు బాబూ,” అన్నాడు. రెండు దారులూ ఆయనవే అయిన రోజులు చూసినదాన్ని నేను. ట్రే ఎత్తుకుని పక్క మంచం దగ్గరికి పోయాను.

నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వని మనిషి ఒకాయన ఉన్నాడు. మొదట్లో, ఎక్కిరిస్తున్నవా అని కండువా దులుపుకుని లేచిపోయాడన్నానే, ఆ ఏన్కూరాయన. అప్పుడు గడ్డ చిన్నది. ఆరేళ్లకు తిరిగి వచ్చాడు, చెవి కింద వెలక్కాయంత అయ్యాక. ఈసారి తనే బుగ్గలు ఊది చూపించాడు, పళ్లు చూపించాడు, నవ్వాడు. డాక్టరు వేళ్లతో చాలాసేపు తడిమి చూశాడు. ఆయన చూపుడువేలు దవడ అంచు దాకా పోయి, ఆ పెదవి కొమ్మ దగ్గర ఆగి, వెనక్కి వచ్చింది. నేను చూశాను. కాగితం రాసిచ్చి పట్నం పొమ్మన్నాడు.

“పట్నంల నన్ను చూసేదెవరు సారూ? అక్కడ నాకెవరు తెల్సు? నువ్వు కోస్తవని వచ్చిన. కోస్తే కొయ్యి, లేకుంటే నా ఊరికి నేను పోత,” అన్నాడు.

డాక్టరు నావైపు చూశాడు. ఎందుకు చూశాడో. చెప్పే సమయం ఏదైనా ఉందంటే అదే. నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయన చూపు తిప్పుకుని, పట్నమే మంచిది పెద్దాయనా అన్నాడు. మనిషి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు, మొదటిసారి వెళ్లినట్టే.

రెండేళ్ల తర్వాత ఆయన కొడుకులు మంచం మీద మోసుకొచ్చారు. గడ్డ రాయిలా గట్టిపడింది. ఆ పక్క ముఖం చచ్చిపోయింది, కన్ను మూతపడటం లేదు, ఈగలు తోలుతూ కూర్చున్నారు. అప్పటికి చేసేదేమీ లేదు. ఆయన ఆ వర్షాకాలం దాటలేదు.

డాక్టరు రిటైరయ్యాడు. గొడుగు ఇక్కడే మరిచిపోయి, కృష్ణ ఒడ్డున తన ఊరికి వెళ్లిపోయాడు. కొత్తాయన కుర్చీలో చక్కగా కూర్చునేవాడు.

ఆ తర్వాతి ఏడాది, తొంభైలలో, పిల్లల సూదిమందుల కోసం మా జీపు టేకులపల్లి సంతకు పోయింది. చెట్టు కింద బల్ల వేసుకుని పిల్లలకు సూదులేస్తున్నాను. ఒక చిన్నవయసు తల్లి నాలుగు నెలల పాపను తెచ్చింది. సూది గుచ్చగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. కింది పెదవి కుడి పక్క దిగింది. ఎడమ పక్క ఉన్నచోటే ఉంది.

సిరంజీ నా చేతిలోంచి బల్ల మీద పడింది. పాప మూతికి ఏమైందని అడిగాను. కాన్పులో దెబ్బ తగిలిందా అని అడిగాను. ఆ తల్లి నవ్వింది, ఆమెకూ అట్లాగే.

“ఏం గాలే సిస్టరమ్మా. మా ఇంట్ల ఆడోళ్లందరం గింతే. ఏడిస్తే గిట్ల, నవ్వితే గిట్ల. మా అమ్మదే వచ్చింది,” అని వెనక్కి చూసింది.

వెనక కొంగు కొస నోట్లో పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. చెవి కింద మచ్చ సన్నగా, తెల్లటి గీతలా ఉంది. మా డాక్టరు కుట్లు ఎప్పుడూ అట్లాగే మాసిపోయేవి. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని బల్ల వెనక్కి తీసుకుపోయాను. నీ మూతి ఆపరేషనుకు ముందు నుంచే ఇట్లుందా అని అడిగాను. ఆమె కొంగు తీసేసింది. నాకు కనపడేట్టు పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. పదిహేనేళ్లకు చూశాను.

“పుట్టుకతోటే గింతే. పెండ్లిసూపుల నాడు మా అమ్మ, నవ్వకే, నవ్వితే ఒప్పుకోరు, కొంగు నోట్లె పెట్టుకో అన్నది. అప్పటిసంది గదే అలవాటు. మా అత్త మర్యాద అనుకున్నది, అనుకోనియ్యి అని ఊకున్న.” మళ్లీ తనే అడిగింది, “మన సారు మంచిగున్నడా? పాపం, మస్తు నవ్వియ్య సూసేటోడు. నాకు లోపల కడుపు నొచ్చేది నవ్వు ఆపుకోలేక. ఎట్ల నవ్వుత గంతమంది ముందట?”

మరి అప్పుడెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

“నన్నెవరడిగిన్రు సిస్టరమ్మా?” అన్నది, తప్పుపట్టకుండానే. “నువ్వు రాసుకున్నవ్ గద.”

ఆ వారమే సెలవు పెట్టి, ఇల్లందు నుంచి ఖమ్మం, ఖమ్మం నుంచి బెజవాడ, అక్కణ్నుంచి ఇంకో బస్సు. దారంతా లేచి నిలబడటం, కూర్చోవడం. పక్కన కూర్చున్నామె కడుపునొప్పా అని అడిగింది. ఆయన ఇంటి ముందు అరుగు మీద తిరుగుతూ కనిపించాడు. బాగా తగ్గిపోయాడు. చెంప మీద చెయ్యి మాత్రం అట్లాగే ఉంది. నన్ను చూసి సంతోషించాడు. మంచినీళ్లు తెప్పించాడు. నేను తాగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. వార్డు, అత్తగారు, సంతకం, వరండాలో చెప్పిన అబద్ధం, సూది, పాప, కొంగు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నడక మాత్రం ఆగింది.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఆ రోజు గడ్డం దగ్గర అదిరిందన్నావు, గుర్తుందా? పెదవి కదల్లేదు గానీ గడ్డం అదిరిందన్నావు. నరం చచ్చిపోతే గడ్డం ఎందుకు అదురుతుందమ్మా? అదీ ఆ కొమ్మదే. ఆమెకు పుట్టుకతో లేనిది పెదవిని కిందికి గుంజే కండ, నరం కాదు. నువ్వు చెప్పావు. నేను విన్నాను. విని కూడా నీ కాగితాన్నే నమ్మాను.”

నేను ఏడుస్తున్నాను. ఆయన అలవాటు కొద్దీ నా పెదవుల వైపు చూశాడు, రెండు పక్కలా సమానంగా దిగుతున్నాయో లేదో. తర్వాత ఆయన వేలు తన గడ్డం దగ్గర మొదలై, దవడ అంచు మీదుగా, మెల్లగా, చెవి కింది దాకా నడిచింది. పదేళ్లకు పైగా ఆయన నడవని దారి.

“అయితే మంచి దారేనన్నమాట,” అన్నాడు. “నేనేమీ నలపలేదన్నమాట.”

ఆ ముఖంలో ఒక్క క్షణం కుర్రతనం కనిపించింది. గడ్డను పళ్లెంలో పెట్టి అందరికీ చూపించే రోజుల నాటి ముఖం. నేను వచ్చిన పని అయిందనుకున్నాను, నా గుండె మీద బండ దిగిందనుకున్నాను. అంతలో ఆయన వేలు చెవి కింద ఆగిపోయింది.

“ఏన్కూరాయన,” అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఆయన చుట్టూ చూసి, అరుగు మీదున్న చెక్క కుర్చీ లాక్కుని, కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చెంప మీది చెయ్యి జారి ఒళ్లో పడింది. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు. బస్సుకు వేళయింది సార్ అన్నాను. వెళ్లిరా అమ్మా అన్నాడు గానీ లేవలేదు. వీధి మలుపులో తిరిగి చూస్తే అట్లాగే ఉన్నాడు.

కుదురుగా కూర్చున్నాడో, కూలబడ్డాడో నాకు తెలియదు. చెప్పి మంచి చేశానో, ఉన్న కాస్త ఊపిరీ తీశానో తెలియదు. తర్వాత ఆయన నుంచి ఉత్తరం రాలేదు, నేనూ రాయలేదు. వచ్చింది ఈ కార్డే. సాయంత్రమైంది, పక్కింటావిడ ప్రహరీ మీదుగా మళ్లీ అడిగింది, చింపావా అని. చింపానని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది.

“లేదమ్మా. చింపలే. జాకెట్లనే ఉంది,” అన్నాను.